మందు తర్వాత, ముందు స్పాంజి సంగతి చూడండి

ప్రశ్న: సార్, రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక కోరల్ బ్యూటీ చేప తెచ్చి క్వారంటైన్ (మెయిన్ ట్యాంకులో వేసేముందు విడిగా ఉంచడం) కోసం రెండడుగుల ట్యాంకులో వేశాను. సాల్ట్ కలిపిన కొత్త నీళ్లే, మొదటి రోజే పరాన్నజీవుల్ని చంపే కాపర్ మందు కూడా వేసేశాను. నాలుగో రోజుకి నీళ్లు తెల్లగా పాలలా అయ్యాయి, చేపలు పైకొచ్చి గబగబా ఊపిరి తీస్తున్నాయి. కిట్‌లో అమోనియా 1 పీపీఎం దాటింది. జబ్బు ముదిరిందేమో, కాపర్ ఇంకొంచెం పెంచనా?
- ఎంవీపీ కాలనీ

జవాబు: వద్దండీ బాబూ, ముందు ఆ కాపర్ సీసా మూత పెట్టెయ్యండి. మీ చేపలకి జబ్బుందో లేదో తర్వాత సంగతి, ఇప్పుడు వాటిని చంపేది వాటి వ్యర్థాల నుంచే వచ్చే అమోనియా. క్వారంటైన్‌లో చేప పోయిందని మాకొచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇదే కథ, అందరూ మందు గురించి అడుగుతారు, నీళ్ల గురించి అడిగేవాళ్లు తక్కువ.

మంచినీళ్ల ట్యాంకులో కొంచెం అమోనియా ఉన్నా చేప తట్టుకుంటుంది చూడండి, ఆ ధైర్యంతో ఇక్కడ ఉండకూడదు. ఉప్పునీళ్ల పీహెచ్ 8.1 నుంచి 8.3 దాకా ఉంటుంది, ఆ పీహెచ్ దగ్గర అమోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్ 7 ఉన్న నీళ్లతో పోలిస్తే పది రెట్లకి పైనే, పైగా వేడి పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. కిట్ మాత్రం విషమైన భాగం, విషం కాని భాగం రెండూ కలిపి ఒకే అంకె చూపిస్తుంది కాబట్టి మనకి తేడా తెలీదు.

ఇవాళే చెయ్యాల్సింది ఏంటంటే, సగం నీళ్లు మార్చండి, కొత్త నీళ్ల సెలినిటీ (ఉప్పదనం), టెంపరేచర్ పాతవాటితో సమానంగా ఉండాలి, ఇంకో ముఖ్యమైన విషయం, కాపర్ కొనసాగిస్తుంటే కొత్త నీళ్లలో కూడా అదే లెవెల్‌కి ముందే కలిపి పొయ్యాలి, లేకపోతే మందు సగానికి పడిపోయి చేసిందంతా వేస్ట్. గాలి రాయి ఇంకోటి పెట్టండి, ఆ తెల్లదనం బ్యాక్టీరియాదే, అది ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. ఒక రోజు మేత ఆపండి, ఏం కాదు. రేపు మళ్లీ టెస్ట్ చేసి ఇంకా ఎక్కువుంటే మళ్లీ మార్చండి. అమోనియా సున్నాకి వచ్చాక కూడా అలాగే ఆయాసపడుతుంటే అప్పుడు వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బు అనుమానించాలి, అది వేరే కథ.

షాపులో దొరికే అమోనియా తగ్గించే ద్రావణం పోద్దామని చాలామందికి చెయ్యి దురద పెడుతుంది. కాపర్ ఉన్న నీళ్లలో అది అస్సలు పొయ్యొద్దు, వాటిలో ఉండే కెమికల్స్ కొన్ని రకాల కాపర్‌ని ఇంకా విషంగా మార్చేస్తాయి. నీళ్లు మార్చడమే దారి.

డోసు కూడా ఒకసారి లెక్క చూసుకోండి. 24x12x12 అంగుళాల ట్యాంకు అంటే అంచుదాకా 56 లీటర్ల పైన, కానీ మీరు పది అంగుళాలే నీళ్లు పోసుంటే ఉన్నది 47 లీటర్లే. ట్యాంకు సైజు చూసి మందు పోస్తే 20 శాతం ఎక్కువ పడినట్టు. ఒక్కో కంపెనీ కాపర్‌కి ఒక్కో లెవెల్, ఒకటి 0.5 పీపీఎం అంటే ఇంకోటి 2.5 అంటుంది, కాబట్టి లేబుల్ చదవండి, దానికి సరిపోయే కాపర్ టెస్ట్ కిట్ కొనండి, కిట్ లేకుండా కాపర్ వాడొద్దని నా గట్టి అభిప్రాయం.

ఇక అసలు విషయం స్పాంజి. క్వారంటైన్‌లో ఇసుక, లైవ్ రాక్ (బ్యాక్టీరియా పట్టిన సముద్రపు రాళ్లు) పెట్టం, ఎందుకంటే అవి కాపర్‌ని పీల్చేసుకుని లెవెల్‌ని నిలవనివ్వవు. దాక్కోడానికి పీవీసీ ఎల్బోలు చాలు. రాళ్లు లేవంటే అమోనియాని తినేసే బ్యాక్టీరియాకి ఇల్లు లేదు, అందుకే మెయిన్ ట్యాంకు ఫిల్టర్ తొట్టి అంటే సంప్‌లో ఒక స్పాంజి ఎప్పుడూ పడేసి ఉంచండి, నెల రోజులు నానిందంటే అందులో బ్యాక్టీరియా స్థిరపడుతుంది, కొత్త చేప వచ్చిన రోజు దాన్ని తీసి ఇక్కడ పెట్టడమే. మెయిన్ ట్యాంకులో జబ్బుంటే మాత్రం ఆ స్పాంజి వద్దు. ఒకసారి కాపర్ తిన్న స్పాంజి మళ్లీ కోరల్స్ ఉన్న ట్యాంకులోకి పోకూడదు. మెయిన్ ట్యాంకు కూడా కొత్తదే అయితే ఖాళీ ట్యాంకులో రొయ్య ముక్కో అమ్మోనియం క్లోరైడో వేసి అమోనియా, అది మారి వచ్చే నైట్రైట్ రెండూ సున్నాకి దిగేదాకా ఆగాలి, నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. నైట్రైట్ చూసి మరీ కంగారు వద్దు, ఉప్పునీళ్లలో క్లోరైడ్ ఎక్కువ ఉండటం వల్ల అది చేప ఒంట్లోకి అంతగా వెళ్లదు. బ్యాక్టీరియా బాటిళ్లు పనిచేస్తాయి కానీ మన ఎండల్లో ఏసీ లేని షాపు అరలో ఎన్నాళ్లుందో ఏమో, ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ప్రశ్న: చెన్నై నుంచి చేపలు పార్సిల్‌లో వస్తాయి. బ్యాగ్ విప్పి రెండు గంటలు డ్రిప్ చెయ్యమని (మన నీళ్లు చుక్క చుక్కగా కలపమని) ఒకాయన, వెంటనే వదిలెయ్యమని ఇంకొకాయన. ఎవరి మాట వినాలి?
- గాజువాక

జవాబు: రెండో ఆయన మాటే వినండి, ఒక షరతు మీద. మూసిన బ్యాగ్‌లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్‌తో పీహెచ్ పడిపోతుంది, అందుకే అందులో అమోనియా ఎంత పేరుకున్నా అంతగా కుట్టదు. మీరు బ్యాగ్ విప్పి గాలి పెట్టగానే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ లేస్తుంది, అప్పటిదాకా ఊరుకున్న అమోనియా ఒక్కసారి విషం అవుతుంది, చేప అందులోనే రెండు గంటలు కూర్చోవాలా? షరతు ఏంటంటే, అమ్మేవాళ్ల నీళ్ల సెలినిటీ ఎంతో ముందే ఫోన్‌లో అడిగి మీ క్వారంటైన్ నీళ్లని అక్కడికే తెచ్చి పెట్టుకోండి. బ్యాగ్ కట్టు విప్పకుండా పావుగంట తేల్చండి, విప్పగానే ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసి సరిపోతే చేపని మాత్రమే దించండి, బ్యాగ్ నీళ్లు సింకులో పొయ్యండి. తర్వాత కొన్ని రోజుల్లో మెల్లగా స్పెసిఫిక్ గ్రావిటీ 1.025కి తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: సముద్రం పక్కనే ఉండి సాల్ట్ ప్యాకెట్ కొనడం ఏంటని మా ఇంట్లో నవ్వుతున్నారు. విశాఖ ఆర్కే బీచ్ నీళ్లు తెచ్చుకోకూడదా?
- పెదవాల్తేరు

జవాబు: నవ్వనివ్వండి. ఆర్కే బీచ్ దగ్గర ఊరి డ్రైన్లు కలుస్తాయి, పక్కనే పోర్టు, ఆ నీళ్లు నేనైతే వాడను. ఇంకోటి, మన దగ్గర సముద్రం ఏడాదంతా ఒకే ఉప్పు కాదు. వేసవిలో బాగానే ఉంటుంది కానీ వానలయ్యాక అక్టోబర్, నవంబర్‌లలో తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి కిందకి తిరుగుతుంది, గంగ, మహానది నీళ్లన్నీ అటు నుంచి వచ్చి ఉప్పు బాగా పడిపోతుంది. తెచ్చిన ప్రతిసారీ కొలవకుండా పొయ్యడం కుదరదు.

తెచ్చి తీరతానంటే భీమిలి వైపు రొయ్య హేచరీల పద్ధతి చూడండి. వాళ్లు నీళ్లని ఫిల్టర్ చేసి, బ్లీచింగ్ వేసి, బాగా గాలి కొట్టించి, మిగిలిన క్లోరిన్‌ని థయోసల్ఫేట్‌తో తీసేసి, క్లోరిన్ లేదని టెస్ట్ చేసుకున్నాకే రొయ్య పిల్లల్లోకి వదులుతారు. యాభై లీటర్ల క్వారంటైన్ కోసం ఇంత తతంగం అవసరమా? సాల్ట్ కలుపుకోండి, చవక కూడా. కలిపే నీళ్లు ఆర్వోవే వాడండి, కానీ ఇంట్లో తాగే ఆర్వో మెషిన్‌లో కాపర్ కార్ట్రిడ్జ్ ఉందేమో చూసుకోండి, ఈ మధ్య చాలావాటిలో పెడుతున్నారు.

ప్రశ్న: రోజూ సెలినిటీ కొంచెం పెరుగుతోంది, ఉప్పు ఎక్కడి నుంచి వస్తోంది?
- మధురవాడ

జవాబు: ఎక్కడి నుంచీ రావట్లేదు, ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. తగ్గిన మేరకి ఉప్పులేని ఆర్వో నీళ్లు పొయ్యండి. గ్లాసు మీద మార్కర్‌తో గీత గీసుకుంటే సరి.

ప్రశ్న: మే నెలలో ట్యాంకు 31 డిగ్రీలకి పోతోంది. దానికి తోడు కరెంటు కోతలు. చిల్లర్ కొనాలా?
- సీతమ్మధార

జవాబు: క్వారంటైన్‌కి చిల్లర్ అక్కర్లేదండీ. చిన్న ఫ్యాన్ నీళ్ల మీదకి పెట్టండి, మన ఉక్కలో హైదరాబాద్‌లో పనిచేసినంత పనిచెయ్యదు కానీ కొంతైనా దించుతుంది. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, ఉప్పునీళ్లలో మామూలుగానే తక్కువ, కాబట్టి గాలి పెంచండి, మేత తగ్గించండి, మిగిలింది పది నిమిషాల్లో సైఫన్‌తో తీసెయ్యండి. కరెంటు పోతే స్పాంజి ఫిల్టర్ కూడా ఆగుతుందన్న సంగతి మర్చిపోవద్దు, లోపలి బ్యాక్టీరియాకి కూడా ఆక్సిజన్ కావాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది, అప్పుడు ఇన్వర్టర్లు కూడా చేతులెత్తేశాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి, దానికి స్పేర్ సెల్స్, ఇవి తుఫాను హెచ్చరిక రాకముందే కొని పెట్టుకోండి, వచ్చాక షాపులో దొరకవు.