తాత చెవిలో ఏం పడిందో రాయి

అమ్మాయ్,

నీ కథ చదివా. రెండుసార్లు చదివా, రెండోసారి కోపంతో చదివా. బరాత్‌లో డీజే మోగుతోంది, తాత వచ్చి ఇవేం పాటలు, మా కాలంలో పాటలంటే పాటలు అని అరిచాడు, పిల్లలు నవ్వారు, చివరికి మనవరాలు చెయ్యి పట్టుకుని లాగితే తాత కూడా నాలుగు స్టెప్పులేశాడు, ఎవరో వీడియో తీశారు, లక్ష వ్యూస్ వచ్చాయి, కథ అయిపోయింది. ఈ మధ్య నా దగ్గరకొస్తున్న కథల్లో ముసలాయన ఎవరైనా ఉంటే చాలు, ఆఖర్న డాన్స్ చేసి తీరాల్సిందే. ఆయన డాన్స్ చేస్తే గొడవ తీరిపోయినట్టా? ఆయన చెప్పింది ఎవరూ వినలేదు, ఆయన్నే మీలో కలిపేసుకుని చప్పట్లు కొట్టారు. తాతని అవమానించావు నువ్వు, ప్రేమగానే అవమానించావు, అది ఇంకా కష్టం నాకు.

ఒక్క లైను మాత్రం ఉంది. మూడో పేజీలో. "తాత చెవి మిషను తీసి అంగి జేబుల ఏసుకుండు." అది చదివి ఆగిపోయా. ఈ ఉత్తరం ఆ లైను కోసమే రాస్తున్నా. అంత మంచి మాట రాసి నువ్వేం చేశావ్, వెంటనే లైట్లు, పటాకులు, గుర్రం అంటూ వర్ణన ఎత్తుకున్నావ్. కథ అక్కడుంటే నువ్వు గుర్రం వెనకాల వెళ్ళిపోయావ్.

నేను ఎప్పట్నుంచో అందరికీ చెప్తున్న మాట ఒకటే, నీకూ అదే చెప్తా. పాత్రకి ఏది నచ్చలేదో రాయొద్దు, ఏం వినపడిందో రాయి, ఏం కనపడిందో రాయి. "కొత్త పాటలంటే తాతకి గిట్టదు" అన్నది అభిప్రాయం, అది ఎవరైనా రాస్తారు, రాయకపోయినా అందరికీ తెలుసు. తాత చెవిలో ఆ రాత్రి ఏం పడింది? అది నీకు తెలీదు, కనుక్కోలేదు, అందుకే ఆయన నోట్లో "మా కాలంలో" అనే డైలాగు పెట్టేశావ్.

నేను చెప్తా విను. వయసు మీద పడితే చెవి మొత్తం ఒకేలా తగ్గదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. చిన్నప్పుడు 20,000 హెర్ట్జ్ దాకా వినే చెవికి యవ్వనం నుంచే పైభాగం తగ్గుతూ వస్తుంది, డెబ్బై దాటేసరికి మాటల దాకా దిగుతుంది. డప్పు, బేసు, అచ్చులు ఇవన్నీ కింది స్థాయిలో ఉంటాయి కాబట్టి అవి బాగానే వినపడతాయి. స, శ, ఫ, త లాంటి హల్లుల పదునంతా పైన ఉంటుంది, పోయేది అదే. అంటే తాతకి దరువు వినపడుతోంది, రాగం ఎక్కడికి పోతోందో కూడా తెలుస్తోంది, మాట మాత్రం తెలీట్లేదు. "అందులో మాటే లేదు" అని ఆయన అంటే మీరు అది విమర్శ అనుకుంటారు. విమర్శ కాదు, నిజంగానే ఆయనకి మాట చేరట్లేదు.

దానికి తోడు పాట తయారయ్యే పద్ధతి కూడా మారింది కదా. పాత రికార్డింగుల్లో పాడేవాళ్ళ గొంతు ముందుకుండేది, వాయిద్యాలు ఆ గొంతుకి దారిచ్చి, చరణం ఆగిన చోట పైకొచ్చి, మళ్ళీ తగ్గేవి. ఇప్పుడు ట్రాకు మీద ట్రాకు పడుతుంది, గొంతు కూడా అందులో ఒక పొర, పైగా చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ కంప్రెస్ చేసి దాదాపు ఒకే ఎత్తుకి తెస్తారు. కుర్ర చెవి ఆ పొరల్లోంచి మాటని లాక్కోగలదు, ముసలి చెవి లాక్కోలేదు.

ఇంకోటుంది, ఇది మీ ఇంట్లోనే గమనించు. పెద్దవాళ్ళు "వినపళ్ళేదు, గట్టిగా చెప్పు" అంటారు, నువ్వు కాస్త గొంతు పెంచగానే "ఎందుకలా అరుస్తావ్" అంటారు. మనం చాదస్తం అనుకుంటాం. లోపలి చెవిలో కణాలు దెబ్బతింటే అలాగే అవుతుంది, చిన్న శబ్దం అసలు అందదు, కొంచెం పెరిగితే ఒక్కసారిగా భరించలేనంత పెద్దదైపోతుంది, మధ్యలో హాయిగా వినగలిగే జాగా బాగా ఇరుకైపోతుంది. ఇప్పుడు ఆ చెవి మిషను పెట్టుకుని డీజే బాక్సుల పక్కన నిలబడ్డ మనిషిని ఊహించు. తీసి జేబులో వేసుకోక ఏం చేస్తాడు? నువ్వు చూసి రాశావ్ ఆ లైను, నాకు తెలుసు, ఊహించి రాసే లైను కాదది. అయితే చూసింది ఏమిటో అడగలేదు నిన్ను నువ్వు.

ఇంకో మాట. మీ వరంగల్ వైపు బరాత్‌లో డీజే వాళ్ళు వేసేవాటిలో చాలా వరకు జానపదాలేగా. యూట్యూబ్‌లో కొత్తగా చేసినవి కొన్ని, పాతవాటికే దరువు మార్చినవి కొన్ని. నీ తాత పొలం మనిషి అని మొదటి పేజీలోనే రాశావ్. నాట్లప్పుడు ఆడవాళ్ళు పాడే పాటలు వింటూ పెరిగినవాడు. అలాంటి పాటే ఒకటి ఆ రాత్రి బాక్సులోంచి వస్తూ ఉండొచ్చు, ఆయనకి దరువు గుండెకి తగులుతోంది, మాట అందట్లేదు, తన పాటేనని గుర్తుపట్టలేక తిడుతున్నాడు. అమ్మాయ్, ఇది కదా కథ! ఇది చేతిలో పెట్టుకుని లక్ష వ్యూస్ ఎవడిక్కావాలి?

నీ తాతకి డెబ్బై అయిదేళ్ళన్నావ్. అంటే 1950 ప్రాంతంలో పుట్టాడు. అమెరికాలో హోల్‌బ్రూక్, షిండ్లర్ అని ఇద్దరు 1989లో ఒక పరిశోధన వేశారు, 1932 నుంచి 1986 దాకా వచ్చిన 28 హిట్ పాటలు రకరకాల వయసులవాళ్ళకి వినిపించి ఏది ఎంత నచ్చిందో అడిగితే, సగటున తమకి 23, 24 ఏళ్ళప్పుడు వచ్చిన పాటల దగ్గర ఇష్టం శిఖరానికెళ్ళింది, అటూ ఇటూ తగ్గింది. నీ తాతకి 24 అంటే 1974. ఘంటసాల కన్నుమూసిన ఏడు. ఆ సంవత్సరం మీ తాత ఎక్కడున్నాడు, పెళ్ళయిందా, ఇంట్లో రేడియో ఉందా, ఇవేవీ కథలోకి రానక్కర్లేదు గానీ నీకు తెలిసుండాలి.

రేడియో అంటే గుర్తొచ్చింది. మా రోజుల్లో కొత్త పాట మనం అడక్కుండానే మీదకొచ్చేది. టీ హోటల్లో వచ్చేది, మంగలి షాపులో వచ్చేది, పక్కింటి రేడియోలోంచి గోడ దాటి వచ్చేది. మా నాన్నకి నచ్చని పాట కూడా నెల తిరిగేసరికి ఆయన నోట్లో కూనిరాగంగా వచ్చేసేది. పదే పదే ఎదురుపడ్డది మెల్లగా ఇష్టమవుతుందని రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్టు 1968లోనే చూపించాడు. ఇప్పుడు మీ పాటలు ఎక్కడ మోగుతున్నాయి? మీ చెవుల్లో. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నువ్వు ఒక పాట రెండొందలసార్లు విన్నాక, పక్క మంచం మీద పడుకున్న తాత దాన్ని జీవితంలో మొదటిసారి వినేది బరాత్‌లో, ఫుల్ వాల్యూమ్‌లో. ఆయనకి అలవాటయ్యే అవకాశమే ఇవ్వలేదు మనం, ఇవ్వకుండా ఆయన మారడు అంటున్నాం. ఈ విషయంలో నాకు చాలా బాధ ఉంది.

పెద్దవాళ్ళందరూ అమాయకులని కూడా అనట్లేదు. చేతిలో అధికారం ఉన్న పెద్దవాళ్ళు వేరు, వాళ్ళని మాత్రం వదలొద్దు. బి.వి. కేస్కర్ అని 1952లో సమాచార ప్రసార మంత్రి అయ్యాడు, సినిమా పాటలు జనాన్ని చెడగొడుతున్నాయని ఆయన నమ్మకం, ఆయన హయాంలో ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు కనపడకుండా పోయింది. జనం ఏం చేశారు, ముల్లు తిప్పి, శ్రీలంక నుంచి సినిమా పాటలు వేసే రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబర్ 3న ఆకాశవాణి వాళ్ళే సినిమా పాటలు వేసే వివిధ భారతి మొదలుపెట్టక తప్పలేదు. ఇవాళ మనం బంగారం అని చెప్పుకునే యాభైల నాటి పాటలే అప్పుడు ఆ పెద్దమనిషికి చెత్త.

ఎనభైల్లో నేను ఒక క్యాసెట్ల షాపులో పనిచేశా, కథలు తిరిగొస్తున్న రోజులు, పగలు పాటలు రికార్డ్ చేసి రాత్రి రాసుకునేవాణ్ణి. జనం చీటీ మీద పాటల లిస్టు రాసి తెచ్చేవాళ్ళు. అరవై క్యాసెట్‌కి ఒక్కో వైపు అరగంట, ఆఖరి పాట మధ్యలో తెగిపోకుండా ముందే నిమిషాలు లెక్కేసి వరస మార్చాలి, అదే నా ఉద్యోగం. రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చేవాడు. ఘంటసాల తప్ప వద్దు. బాలు 1966 నుంచీ పాడుతున్నా ఆయనకి ఇంకా "ఆ కుర్రాడే". అలాంటాయన ఒకరోజు శంకరాభరణం క్యాసెట్ అడిగి, ఇదయ్యా సంగీతమంటే, ఆ అడవి రాముడు పాటలూ ఉన్నాయి ఎందుకు అన్నాడు. నేను రెండు క్యాసెట్ల అట్టలూ పక్కపక్కన పెట్టి చూపించా. 1977లో అదీ, 1980లో ఇదీ, రెండిటికీ రాసింది వేటూరి, బాణీ కట్టింది మహదేవన్, పాడింది ఆయన వద్దన్న ఆ కుర్రాడే. కళ్ళజోడు సర్దుకుని రెండు అట్టలూ చదివాడు, డబ్బులిచ్చాడు, వెళ్ళాడు. తర్వాత వారం మళ్ళీ చీటీ తెచ్చాడు, మళ్ళీ మొత్తం ఘంటసాలే. వాదనతో చెవి మారదు, నీ కథలో మనవరాలు తాతకి ఇచ్చే స్పీచ్ అందుకే తీసెయ్యమంటున్నా.

అదే షాపులో ఇంకో పని కూడా చేసేవాళ్ళం. ఎవరూ కొనని సినిమాల క్యాసెట్లు పెట్టెలకి పెట్టెలు మిగిలేవి, వాటి అంచున విరిచేసి ఉండే చిన్న గుంటల మీద సెలోటేప్ అంటిస్తే మళ్ళీ రికార్డ్ అయ్యేవి, వాటి మీదే హిట్ పాటలు ఎక్కించి తక్కువ ధరకి ఇచ్చేవాళ్ళం. అప్పటి నాసిరకం పాటలన్నీ అలా పోయాయి, ఇప్పుడు మిగిలినవి చూసి ఆ రోజుల్లో అన్నీ ఆణిముత్యాలే అంటారు. కాదు. నా చేత్తో చెరిపా నేను, నాకు తెలుసు.

ఆ షాపు గురించే ఒక కథ రాసి అప్పట్లో ఒక వారపత్రికకి పంపితే, ఆ ఎడిటరు గారు మాస్టారు చివర్లో బాలు పాట విని కన్నీళ్ళు పెట్టుకున్నట్టు ఒక పేరా సొంతంగా రాసి వేసుకున్నాడు. నన్నడగలేదు. ఇప్పటికీ ఆ పేజీ చూడలేను. పోటీల జడ్జీలదీ అదే వరస, రేడియో, గ్రామఫోను, వేపచెట్టు ఉంటే బహుమతి, లేదంటే తరాలు కలిసిపోయి కౌగిలించుకుంటే బహుమతి. నువ్వు ఆ దారిలో పోతున్నావేమోనని భయంగా ఉంది, అందుకే ఇంత రాస్తున్నా. ముసలాయనకి పాట నచ్చకపోతే నచ్చకుండానే ఉండనీ, అది ఆయన హక్కు. ఆయనకి నచ్చి తీరాలని కూడా పట్టుపట్టొద్దు, ఆయనకి వినపడింది మాత్రం కాగితం మీదకి రావాలి.

కలం పేరు గురించి అడిగావ్, యాస మొత్తం ఉంచాలా సంభాషణల్లోనే ఉంచాలా అని అడిగావ్, ఏ పత్రికకి పంపాలని కూడా. అవి తర్వాత. ముందు మూడో పేజీ దగ్గర్నుంచి మళ్ళీ రాయి. చెవి మిషను జేబులోకి వెళ్ళాక తాతకి ఇంక ఏమేం తెలుస్తున్నాయో, నేల అదురుతోందా, ఛాతీలో తగులుతోందా, నోళ్ళు కదలడం చూసి ఏ పాటో పోల్చుకుంటున్నాడా, కనీసం రెండు పేజీలు అక్కడే ఉండు. డాన్స్ తీసెయ్, వీడియో తీసెయ్. రాసే ముందు ఒకసారి మీ తాతగారి దగ్గర కూర్చుని, బాక్సులు లేకుండా, ఫోన్ తక్కువ సౌండ్‌లో పెట్టి ఆ డీజే పాటే వినిపించు, మాటలు పక్కనుంచి నువ్వు చెప్తూ ఉండు. ఆయన ఏమంటారో అక్షరం పొల్లు పోకుండా రాసి నాకు పంపు. తిట్టినా సరే, తిట్లు కూడా పంపు. ఈసారి పేజీల ఫోటోలు కాకుండా టైప్ చేసి పంపు, నా కళ్ళకి ఆ అక్షరాలు ఆనట్లేదు.