వియత్నామీ డిన్నర్‌కి వైన్ పట్టుకెళ్తున్నారా? అయితే ఫో ఆర్డర్ చేయకండి

"పది మందిమి వియత్నామీ రెస్టారెంట్‌కి వెళ్తున్నాం, వైన్ మనమే తెచ్చుకోవచ్చన్నారు, ఏది తీసుకెళ్లాలి?" అని అడిగారు మీరు. కాస్త తీపి తగిలే జర్మన్ తెల్ల వైన్ రీస్లింగ్, బాగా చల్లగా. మీ ప్రశ్నకి జవాబు అంతే. కానీ ఇలాంటి డిన్నర్లు చెడేది వైన్ వల్ల కాదు, ఆర్డర్ వల్ల. మా అనుభవం చెప్తాను.

మేముండేది క్యాలిఫోర్నియాలోని శాన్ హోజేలో. ఇక్కడ వియత్నామీలు లక్షకి పైనే ఉంటారు. స్టోరీ రోడ్డు వైపు వెళ్తే షాపుల బోర్డులన్నీ వాళ్ల భాషలోనే. రెండేళ్ల క్రితం మా పాత టీమ్ వాళ్లం, ఇంట్లోవాళ్లతో కలిపి పది మందిమి, అక్కడే ఒక చిన్న హోటల్‌కి వెళ్లాం. సీసా తెరిచినందుకు పది డాలర్లు తీసుకుంటారు, మిగతాది మన ఇష్టం.

మాలో ఒకతను అప్పుడే, వైన్‌కి పేరుపడ్డ నాపాలో ఏదో వైన్ క్లబ్‌లో చేరాడు. క్యాబర్నే అనే వగరు ఎర్ర వైన్ రెండు సీసాలు, పసిపిల్లల్ని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. "అన్నా, దీనికి గాలి తగలాలి, అరగంట ఎవరూ ముట్టుకోకండి" అని మంచినీళ్ల జగ్గులోకి ఒంపాడు. ఇంకో ఆవిడ సూపర్ మార్కెట్‌లో పన్నెండు డాలర్లకి కొన్న రీస్లింగ్ తెచ్చి, మొహమాటపడుతూ బల్ల చివర పెట్టింది. ఐస్ బకెట్ ఉందా అని అడిగితే, హోటల్ పెద్దావిడ ఫో, అంటే వాళ్ల నూడుల్స్ చారు, పోసే పెద్ద గిన్నె నిండా ఐసు ముక్కలు తెచ్చి సీసా అందులో గుచ్చి వెళ్లిపోయింది.

ముందుగా చా యో వచ్చాయి. వేయించిన రోల్స్, వేడివేడిగా. పాలకూర లాంటి లెట్యూస్ ఆకులో పెట్టి, పుదీనా, సోంపు వాసన వేసే తులసి, వంకాయ రంగు పెరిల్లా ఆకు వేసి చుట్టి, న్యోక్ చామ్‌లో ముంచి తినాలి. అంటే చేపల సాస్, నిమ్మరసం, పంచదార, వెల్లుల్లి, పచ్చిమిర్చి కలిపిన నీళ్ల చట్నీ. దాని మీద క్యాబర్నే ఒక గుక్క వేశాను. తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుంది! కారం మీద ఆ వగరు ఇంకా మండింది. జపాన్ పరిశోధకులు 2009లోనే తేల్చారు, వైన్‌లో ఇనుము ఎక్కువుంటే సీఫుడ్‌తో కలిసి నీచు వాసన పైకి తెస్తుందని. వాళ్లు పరీక్షించింది చేపల సాస్‌ని కాదులెండి, అయినా నా నాలుక చాలు సాక్ష్యం. మా వాడు మాత్రం "ఇంకా ఓపెన్ అవ్వాలి" అంటూనే ఉన్నాడు. ఈలోపు రీస్లింగ్ సీసా పది నిమిషాల్లో ఖాళీ. 750 మిల్లీలీటర్లంటే ఐదు గ్లాసులే కదా, అందుకే అది మూడు సీసాలైనా పట్టుకెళ్లండి. ఆల్కహాల్ కూడా తక్కువే ఉంటుంది, ఎనిమిది తొమ్మిది శాతం దాకా.

ఇక అసలు సంగతి. మాలో నలుగురు ఎవరి ఫో వాళ్లు చెప్పుకున్నారు. వియత్నాంలో ఫో పొద్దున్నే తినే టిఫిన్. తలవంచుకుని, కళ్లద్దాలకి ఆవిరి పట్టించుకుని, ఒక్కడూ కూర్చుని తినాల్సిన వంట అది. గిన్నెలు వచ్చాయో లేదో బల్ల మీద మాటలు ఆగిపోయాయి. మరుగుతున్న చారు, చల్లటి వైన్, రెండింటికీ నోట్లో చోటెక్కడుంది? నన్నడిగితే వైన్ ఉన్న బల్ల మీద ఫో నిషేధించాలి.

పక్క బల్ల చూడండి. ఒక కుటుంబం, మూడు తరాలు. ఒక్క పెద్దాయనే అందరికీ ఆర్డర్ చేశాడు. బాన్ సేయో అని, బియ్యప్పిండిలో పసుపు, కొబ్బరిపాలు కలిపి పోసే అట్టు ఒకటి. పెనం మీద పిండి పడగానే వచ్చే చప్పుడే దాని పేరు, మన "సుయ్" లాగా. తలా ఒక ముక్క తుంచుకున్నారు. బీరు గ్లాసుల్లో ఐసు ముక్కలు. అయిదు నిమిషాలకోసారి "మోత్, హాయ్, బా, యో!" అని కేకలు. ఒకటి, రెండు, మూడు, ఇక తాగు అని. సర్వర్ కుర్రాణ్ణి "ఎమ్ ఓయ్" అని పిలుస్తుంటే మా ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి చూసింది, ఎవరో తెలుగాయన "ఏమోయ్" అన్నాడనుకుని. నిజానికి దాని అర్థం కూడా "ఒరే తమ్ముడూ" అన్నట్టే.

మీ గుంపులో శాకాహారులుంటే "చాయ్" అని అడగండి. టీ ఇవ్వరు, వాళ్ల భాషలో శాకాహారానికి ఆ మాటే. చాలామంది బౌద్ధులు చాంద్రమాన నెల మొదటి రోజు, పౌర్ణమి రోజు నీచు ముట్టరు కాబట్టి వాళ్లకి ఇదేం వింత కాదు. ఊరికే "నో మీట్" అంటే మాత్రం చేపల సాస్ వేసేస్తారు. మా వదిన తోఫు కూర సగం తిన్నాక ఈ విషయం తెలిసింది. ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు.

ఇంకోటి. రుచి చూడకుండానే అన్నిటి మీదా శ్రీరాచా అనే మిరప సాస్ ఒంపేవాళ్ల పక్కన నేను కూర్చోను. ఆ కోడిపుంజు బొమ్మ సీసా తయారయ్యేది ఈ క్యాలిఫోర్నియాలోనే, మొదలుపెట్టింది వియత్నాం నుంచి శరణార్థిగా వచ్చిన ఆయనే, పేరేమో థాయ్‌లాండ్ ఊరిది. అంతా బాగానే ఉంది గానీ, అది పోశాక ఏ వైన్ తాగినా ఒకటే.

బిల్లు పదితో భాగించారు. చుక్క ముట్టని ముగ్గురూ సీసాల డబ్బులు కూడా కట్టారు, నవ్వుతూనే. ఇది ముందే తేల్చుకోండి, కార్లు ఎవరు నడుపుతారో కూడా.

రెండో క్యాబర్నే సగం మిగిలిపోతే మా వాడు నా చేతిలో పెట్టాడు. వారం పాటు ఫ్రిజ్ తలుపులో ఉంది. ఆదివారం మటన్‌లో పోసేశాను. కూర బ్రహ్మాండంగా వచ్చింది, వాడికి మాత్రం చెప్పలేదు.