కాంటడోర్ రెండేళ్ల నిషేధం ఆరు నెలల్లో ఎలా ముగిసింది?

నిషేధాన్ని తీర్పు రోజు నుంచి లెక్కించడమే మీ చిక్కుకు కారణం. 2012 ఫిబ్రవరి 6న రెండేళ్ల నిషేధం పడిన స్పెయిన్ సైక్లిస్టు అల్బర్టో కాంటడోర్ అదే ఏడాది సెప్టెంబరులో స్పెయిన్ సైకిల్ రేసు వుయెల్టా ఎలా గెలిచాడని అడిగారు కదా, తేదీలు ఇలా సరిచూడండి.

1. 2010 టూర్ డి ఫ్రాన్స్‌లో జులై 21 నాటి మూత్ర నమూనాలో మిల్లీలీటరుకు 50 పికోగ్రాముల నిషేధిత మందు క్లెన్‌బ్యుటెరాల్ బయటపడింది. ఆగస్టు 26న మొదలైన తాత్కాలిక సస్పెన్షన్, స్పెయిన్ సైక్లింగ్ సమాఖ్య 2011 ఫిబ్రవరిలో అతణ్ని నిర్దోషిగా తేల్చడంతో తొలగింది.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చిన క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం, నిషేధం 2011 జనవరి 25న మొదలైనట్లు పరిగణించి, సస్పెన్షన్‌లో గడిచిన 5 నెలల 19 రోజులను అందులోంచి మినహాయించింది. రెండేళ్లు నిండే 2013 జనవరి 24 నుంచి అంత కాలం వెనక్కి వెళ్తే 2012 ఆగస్టు 5 వస్తుంది. ఆ ఏటి వుయెల్టా మొదలైంది ఆగస్టు 18న.

3. ఇది రాయితీలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో కాదు. నమూనాలో మందు దొరికినందుకు 2010 టూర్ టైటిల్ పోగా, ఆ పాత తేదీ వల్లే 2011లో గెలిచిన ఇటలీ రేసు గిరో టైటిల్ కూడా పోయి, మికెలే స్కార్పోనీకి దక్కింది.