బామ్మగారి గులాబీకి పేరు వెతికే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మల్లేశ్వరంలో మీ అత్తగారి పెరట్లో బామ్మగారు తెచ్చుకున్న గులాబీ ఫొటో, దాని పేరేమిటన్న నీ ప్రశ్న చేరాయి. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడతారని రాశావు కదా, పేరు సంగతి తర్వాత చూద్దాం, ముందు మొక్కను దక్కించుకో. పువ్వు రాలిన, పెన్సిలంత లావు కొమ్మలు ఒక పది ఈ వారమే కోసుకో. జానెడు ముక్కలు చేసి, పైన రెండాకులు మాత్రం ఉంచి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన పెట్టు. నాలుగు బతికినా చాలు.

కోసే ముందు మొక్క మొదలు దగ్గర మట్టి తీసి చూడు. అంటు కట్టిన చోట ముడిలా ఉబ్బి ఉంటుంది. పైన కట్టిన రకం ఎప్పుడో చచ్చిపోయి, కింది మొక్కే గుబురై పూస్తున్న పెరళ్లు బెంగళూరులో ఎన్నో చూశాను. ముడి కింది నుంచి లేచిన కొమ్మ బామ్మగారు కోరి తెచ్చుకున్న గులాబీ కాదు. ఆకు కాడ మొదట్లో రెండు పక్కలా సన్నని రెక్కలుంటాయి. అవి దువ్వెన పళ్లలా చీలి, పూలు చిన్నవిగా, తెల్లగా, గుత్తులుగా వస్తే అది అంటుకు కింది మొక్కగా వాడే మల్టీఫ్లోరా అనే గులాబీ అయి ఉండవచ్చు.

ఇక పేరు. పువ్వు ఒక్కటే చూసి గులాబీ పేరు చెప్పమనడం, ముఖం చూసి ఇంటిపేరు చెప్పమనడమే. మొగ్గను తిప్పి చూడు. కింద ఐదు రక్షక పత్రాలుంటాయి. రెండింటికి రెండంచులా పీలికలు, రెండింటికి అసలు ఉండవు, ఐదోదానికి ఒక్క అంచునే. యూరప్‌లో దీన్ని ఐదుగురు అన్నదమ్ముల గడ్డాల పొడుపుకథగా చెప్పుకునేవారు. ఆ పీలికలు పొడుగా పొట్టా, తొడిమను వేళ్లతో నలిపితే జిగురు అంటుతుందా, ఆ జిగురు వాసన ఎలా ఉంది, ఇవన్నీ రాసుకో. ముళ్లు వంకరా నిటారా, కాయ గుండ్రనా కోలా అన్నవి కూడా.

అన్నిటికన్నా నేను నమ్మే పరీక్ష మరొకటి. ఒకే పువ్వును పొద్దున, మధ్యాహ్నం, మర్నాడు చూడు. ఎండకు రంగు ముదిరితే దానిలో చైనా గులాబీ రక్తం ఉందనుకో. యూరప్ పాత రకాలు వెలిసిపోతాయి. ఆ చైనా గులాబీలు కలకత్తా బొటానికల్ తోట మీదుగా యూరప్ చేరినందుకే వాటిని బెంగాల్ గులాబీలన్నారు. 1793లో ఆ తోట బాధ్యత తీసుకున్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో పనిచేసినవాడే.

గట్టి చలి లేని మన ఊళ్లో గాలికా, ఆల్బా వంటి యూరప్ పాత రకాలు సరిగా పూయవు. కంటోన్మెంటు బంగళాల కాలం నుంచి నిలిచినవి ఎక్కువగా చైనా, టీ, నాయిసెట్, బోర్బన్ కుటుంబాలవే, కాబట్టి నీ వెతుకులాట సగం తగ్గినట్టే. సన్నని కాడ మీద పువ్వు తల వంచితే ముందు టీ రకాలను చూడు. పన్నీరు వాసన వస్తూ ఏడాది పొడవునా పూస్తే బోర్బన్‌ను, ముఖ్యంగా ఒకప్పుడు అంటుకు విరివిగా వాడిన ఎడ్వర్డ్ గులాబీని గుర్తుంచుకో.

తొందరపడి పేరు పెట్టకు. రేకులు నాలుగు భాగాలుగా ముడుచుకున్న లేత గులాబీ రంగు పువ్వొకటి చూసి, అది 1843 నాటి ‘సువెనీర్ ద లా మాల్మేజో’ అని చీటీ రాసి నేను పదిళ్లకు పంచాను. ఆ రకం మొగ్గలు వానకు విచ్చుకోకుండా అట్టకట్టి కుళ్లిపోతాయి. నా మొక్క ఆగస్టు ముసురులోనూ హాయిగా విచ్చుకుంది. అప్పటికే ఆ తప్పు పేరు పదిళ్లలో పాతుకుపోయింది. ఇప్పటికీ దాన్ని పూర్తిగా చెరపలేకపోయాను, ఆ బాధ నాకుంది.

అందుకే పేరు తేలేదాకా దొరికిన చోటుతోనే పిలువు. గులాబీలు సేకరించేవారు ఇలాంటి పేరును కొటేషన్ గుర్తుల్లో రాస్తారు, అది తాత్కాలికమని తెలియడానికి. “మల్లేశ్వరం బామ్మగారి గులాబీ” అని కుండీ మీద రాయి. మీ అత్తగారిని కూర్చోబెట్టి అడుగు: ఎవరిచ్చారు, ఏ పెళ్లికి ముందు, ఏ పురుడికి తర్వాత నాటారు? 1867లో లా ఫ్రాన్స్ అనే రకం వచ్చేనాటికే ఉన్న గులాబీ తరగతులనే పాత గులాబీలంటారు. అయితే తరగతి పాతదైనా మీ మొక్క తర్వాత పుట్టినది కావచ్చు, ఆవిడ జ్ఞాపకం అక్కడ పనికొస్తుంది.

ఆదివారం వస్తూ మొగ్గ, విచ్చిన పువ్వు, ఏడాకుల రెమ్మ, దొరికితే ఒక కాయ తడి పేపర్లో చుట్టి తీసుకురా. ముళ్లున్న ముదురు కొమ్మ ముక్క మరిచిపోకు.

పెద్దమ్మ