చెల్లి పెళ్ళి పనులు ఎక్కడ మొదలుపెట్టాలి?

"చెల్లికి సంబంధం ఖాయమైంది, నాన్నగారు లేరు, అన్నీ నేనే చూసుకోవాలి. హాలు ముందా, బంగారం ముందా?" అని అడిగారు. రెండూ కాదండీ. ముందు మగపెళ్ళివారితో ఒక పూట తీరిగ్గా కూర్చోండి. మా చెల్లి పెళ్ళి రాజమండ్రిలో చేశాం. నాన్నగారికి అప్పటికే బైపాస్ అయింది, తిరిగే ఓపిక లేదు. అమ్మా, నేనూ, మా బాబాయీ కలిసి నడిపించాం. కాబట్టి మీ టెన్షన్ నాకు బాగానే తెలుసు.

ఆ కూర్చున్న పూట తేల్చుకోవాల్సినవి: పెళ్ళి ఏ ఊళ్ళో, రిసెప్షన్ ఎవరి ఖర్చు, మగపెళ్ళివారి బస్సు ఎవరు మాట్లాడాలి, విడిది ఎన్ని గదులు, వాళ్ళ వైపు నుంచి ఎంతమంది. ఈ ఆఖరిది అసలైనది. మా వియ్యపురాలు "మావైపు పెద్దగా ఎవరూ లేరండీ, ఓ వందమంది" అన్నారు. మా బాబాయి జేబులోంచి చిన్న పుస్తకం తీసి "వదినగారూ, ఊళ్ళవారీగా చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు. తుని, కాకినాడ, పెద్దాపురం అంటూ ఆవిడే వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ పోతే రెండొందలు దాటింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, అంతే. మొత్తంగా అడిగితే ఎవరైనా తక్కువే చెబుతారు. మీ వైపు జాబితా కూడా అలాగే ఊళ్ళవారీగా రాయండి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి, మీకు గుర్తులేని చుట్టరికాలన్నీ ఆవిడకే తెలుసు.

లాంఛనాల మాట కూడా ఆ రోజే తేలిపోవాలి. కట్నం 1961 నుంచీ చట్టరీత్యా నేరం, దాని గురించి నేను సలహా ఇవ్వను. కానీ ఆడపడుచు లాంఛనం, అత్తగారి చీర, పెళ్ళికొడుకు బట్టలు, సారె లాంటివి "మీ ఇష్టమండీ" అని వదిలేస్తారు చూడండి, పెళ్ళిరోజు ముఖాలు మాడేది అక్కడే. "మేం ఇవి పెట్టగలం" అని మీరే ముందు చెప్పేయండి.

ఆ తర్వాత ముహూర్తం. పంతులుగారిని ఒక్క ముహూర్తం అడగొద్దు. ఇద్దరి జన్మనక్షత్రాలూ ఇచ్చి, తారాబలం కుదిరేవి మూడు నాలుగు రాసిమ్మనండి. అటువైపు పంతులుగారు కూడా చూసి సరేనన్నాకే లగ్నపత్రిక. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎలాగూ ఉండవు. మూఢం సంగతి మాత్రం చాలామందికి ఆలస్యంగా తడుతుంది. గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనిపించకుండా పోయే రోజులవి, శుక్ర మూఢం ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. 2024లో ఏప్రిల్ చివర్నుంచి జులై మొదలుదాకా ముహూర్తాలే లేవు, వేసవి పెళ్ళిళ్ళన్నీ శ్రావణంలోకి వచ్చి పడ్డాయి. 2026లో మాఘమాసమంతా శుక్ర మూఢంలో పోయింది, పైగా జ్యేష్ఠం అధికమాసం వచ్చింది. ఇలాంటి ఏడాది మిగిలిన కొద్ది తేదీలకీ అందరూ ఎగబడతారు, హాలు ఓనరు చెప్పిందే రేటు. చేతిలో మూడు నాలుగు తేదీలుంటే మాత్రం బేరం మీ చేతిలో ఉంటుంది. శని, ఆదివారాల ముహూర్తం కావాలని పట్టుబట్టకండి. దగ్గరివాళ్ళు బుధవారమైనా వస్తారు.

హాలు. "ఒక రోజు అద్దె" అంటే ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అని అడిగి, రసీదు మీద రాయించుకోండి. మనవాళ్ళ ముహూర్తాలు చాలావరకు రాత్రి పూటవి. సాయంత్రం హాల్లో దిగి, తెల్లవారుజామున తాళి కట్టి, అప్పగింతలయ్యేసరికి మర్నాడు ఎండెక్కుతుంది. ఈలోగా హాలువాళ్ళ ఇరవై నాలుగు గంటలు అయిపోతే, తర్వాతి బుకింగ్ పెళ్ళివాళ్ళు సామాన్లు దింపేస్తుంటారు. చాలాచోట్ల కరెంటు బిల్లు అద్దెలో కలవదు, యూనిట్ లెక్కన విడిగా కట్టాలి. తాళాలు తీసుకునేటప్పుడే మీటరు రీడింగ్ ఫోన్లో ఫొటో తీసుకోండి. మేం దిగేటప్పటికి మేనేజరు పుస్తకంలో రాసిన రీడింగ్ ఒకటి, మీటర్లో ఉన్నది ఒకటి. తేడా చిన్నదేమీ కాదు. ఫొటో చూపించాక కిక్కురుమనకుండా దిద్దాడు. జనరేటర్ డీజిల్, క్లీనింగ్, గ్యాస్ సిలిండర్లు ఎవరివో కూడా అడగండి. గదుల్లో గీజర్లు పనిచేస్తున్నాయో లేదో తిప్పి చూడండి, అలంకరణ లైట్ల కంటే పెళ్ళివారికి వేణ్ణీళ్ళు ముఖ్యం. జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా అన్నది కూడా. ఒక్క ఫంక్షన్‌కి ఒకరి దగ్గర 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపన్ను నిబంధన ఉంది, కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే పంపండి. రేపేదైనా తకరారు వస్తే మీకూ ఆధారం ఉంటుంది.

భోజనాలకి ఒకటే అంకె చెబితే ఇరుక్కుంటారు. పూటల వారీగా వేరువేరు అంకెలు ఇవ్వాలి. ముహూర్తం అర్ధరాత్రయితే జనమంతా ఏడెనిమిదింటికే వచ్చి, భోంచేసి, చదివింపులు రాయించి వెళ్ళిపోతారు. జీలకర్ర-బెల్లం వేళకి మిగిలేది దగ్గరివాళ్ళే. పొద్దున టిఫినూ, మధ్యాహ్నం పెళ్ళివారి భోజనమూ వాళ్ళ వరకే. ఊళ్ళో వంటమేస్త్రీతో చేయిస్తే సరుకుల చిట్టా మీకిచ్చి మీరే తెమ్మంటాడు. ఖర్చు తగ్గుతుంది గానీ, స్టోర్‌రూం తాళం పట్టుకుని కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. క్యాటరింగ్‌ అయితే ప్లేటు లెక్క. కనీసం ఇన్ని ప్లేట్లు అని ఒప్పందం రాసుకుంటారు, దాన్ని మీ అంచనా కంటే తక్కువగా పెట్టించి, "పైన ఎన్నయినా ఇదే రేటు" అనిపించుకోండి. ఆకులు లెక్కపెట్టేటప్పుడు మనవైపు మనిషి ఒకరు పక్కనుండాలి. మా బాబాయి సాయంత్రమంతా అక్కడే కుర్చీ వేసుకున్నాడు, ఫొటోల్లో ఎక్కడా లేడు పాపం. ఇక ఐటమ్స్ పెంచుకుంటూ పోవడం నాకు నచ్చదు. పప్పు, ఆవకాయ, ముక్కల పులుసు, పూర్ణాలు, గడ్డపెరుగు బాగుంటే చాలు, నలభై రకాలు గుర్తుపెట్టుకుని ఇంటికెళ్ళేవాడు లేడు.

మిగతావి ఇంత తొందర కాదు. బంగారంలో ముందు మంగళసూత్రం సంగతి చూడండి. పుట్టింటి సూత్రం ఒకటి, అత్తింటిది ఒకటి కదా, వాళ్ళది ఎప్పుడు చేయిస్తారో అడగండి. ఏ నగ కొన్నా హాల్‌మార్క్‌తోపాటు హెచ్‌యూఐడీ (అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే, ఆ నగకే ప్రత్యేకమైన గుర్తింపు నంబరు) ఉందో లేదో చూడండి, 2023 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. చీరలకి కంచి దాకా పోనక్కర్లేదు, ధర్మవరం, ఉప్పాడ పట్టు మనవే. కాకపోతే మగ్గం వర్క్ జాకెట్లు సీజన్లో టైలర్లు నెలకి గానీ ఇవ్వరు, కాబట్టి ఆ జాకెట్లు కుట్టించాల్సిన చీరలే ముందు కొనండి. ఫొటోగ్రాఫర్‌ని మంచి ముహూర్తం రోజులకి త్వరగా పట్టుకోవాలి, డెకరేషన్ వాళ్ళు నెల ముందు చెప్పినా దొరుకుతారు.

శుభలేఖ అచ్చుకిచ్చే ముందు అబ్బాయి, అమ్మాయి పేర్లు ఆధార్‌లో, పాస్‌పోర్ట్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఒక ఇంగ్లీషు కార్డులోనైనా వేయించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి రిజిస్టర్ చేయించేటప్పుడు వయసు రుజువులతోపాటు ఆ కార్డూ, పెళ్ళి ఫొటోలూ అడుగుతారు. అబ్బాయి విదేశాల్లో ఉంటే వీసాకి ఆ సర్టిఫికెట్ వెంటనే కావాలి. పెళ్ళికొడుకు సెలవు ఎన్నాళ్ళు పెట్టాడో కనుక్కుని, తిరుగు ప్రయాణానికి ముందే ఆ పని పూర్తయ్యేలా చూసుకోండి. సాక్షులు కూడా రావాలి కాబట్టి, ఎవరు వస్తారో ఇప్పుడే అనుకుంటే మంచిది.