ఒంటరిగా ఆడే యుద్ధం

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. క్రూసేడ్ల (జెరూసలేం కోసం క్రైస్తవులకూ ముస్లింలకూ జరిగిన మతయుద్ధాల) కాలం నాటి అర్సూఫ్ యుద్ధం మీద వచ్చిన బోర్డు ఆటను మా అబ్బాయి విదేశం నుంచి పంపాడు. ఇక్కడ నాతో ఆడేవాళ్లు ఎవరూ లేరు. పెట్టె మీద మాత్రం ఒక్కరైనా ఆడుకోవచ్చని ఉంది. రెండు పక్షాలూ నేనే అయినప్పుడు నా ఎత్తు నాకు ముందే తెలుసు కదండీ, ఇక ఆట ఏముంటుంది?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మాస్టారూ, చదరంగం విషయంలో మీ అనుమానం నిజమే. అర్సూఫ్ మాత్రం ఒంటరి ఆటకు పుట్టిన యుద్ధం. అది ఏ తేదీన, ఎలా జరిగిందో తెలిస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది.

1191 సెప్టెంబరు 7. ఇంగ్లండు రాజు రిచర్డ్ సైన్యం పాలస్తీనాలోని ఏకర్ రేవు నుంచి జాఫా రేవుకు సముద్రం ఒడ్డునే నడుస్తోంది. కుడివైపు సముద్రం, అందులో సరుకుల ఓడలు. ఎడమవైపు కాలిబంట్లు గోడ కట్టినట్టు నడుస్తుంటే, వాళ్ల చాటున కవచాలు తొడిగిన అశ్వికులు. ఎదుటి పక్షపు ముస్లిం సుల్తాను సలాహుద్దీన్ గుర్రపు విలుకాండ్రు దగ్గరికి వచ్చి బాణాలు కురిపించి వెనక్కి పోతారు, మళ్లీ వస్తారు. వీపున బాణాలు గుచ్చుకుని వేలాడుతున్నా ఆ కాలిబంట్లు వరుస తప్పలేదని సలాహుద్దీన్ కొలువులోని బహావుద్దీన్ రాశాడు. శత్రువు ఓర్పును అంత నిజాయితీగా మెచ్చుకున్న ఆ మనిషంటే నాకు ఎంతో గౌరవం.

దెబ్బంతా వెనక నడిచే హాస్పిటలర్ల (సన్యాస వ్రతం పట్టిన క్రైస్తవ యోధుల) మీద పడింది. గుర్రాలు కూలిపోతున్నాయి. వారి పెద్ద గార్నియే వచ్చి దాడికి అనుమతి అడిగితే రిచర్డ్ ఓపిక పట్టమన్నాడు. ఆరు బాకాలు మోగాకే అందరూ ఒక్కసారిగా దూకాలని ముందే ఏర్పాటు. బాకాలు మోగనే లేదు. ఇద్దరు అశ్వికులు, వారిలో ఒకరు హాస్పిటలర్ల సేనాధికారి, ఆగలేక గుర్రాలను ఉరికించారు, మిగిలిన హాస్పిటలర్లు వారి వెంట పడ్డారు. ఇక రిచర్డ్ మొత్తం సైన్యాన్ని దింపక తప్పలేదు. గెలిచాడు కూడా.

అంటే, రిచర్డ్‌కే తన సైన్యం మాట వింటుందో లేదో తెలియదు. ఇటువంటి ఆటల్లో చాలావాటిలో ఆ అనిశ్చితిని పాచికకు అప్పగిస్తారు. ఒక దళాన్ని కదిపాక ఇంకో దళాన్ని కూడా కదపాలంటే ఆ నాయకుడి సమర్థతను బట్టి పాచిక పడాలి. పడకపోతే వంతు ఎదుటి పక్షానికి పోతుంది. మీ ఎత్తు మీకు తెలిసినా అది సాగుతుందో లేదో తెలియదు కదా! నియమాల పుస్తకంలో ముందు ఆ భాగమే చదవండి. పోరు ఫలితాల పట్టిక తర్వాత చూసుకోవచ్చు.

పక్షం మారినప్పుడల్లా లేచి అవతలి కుర్చీలో కూర్చోండి. నల్లగొండలో మా వరండాలో నేను అలాగే ఆడతాను. తూర్పు నుంచి పటం చూస్తే సలాహుద్దీన్‌కు ఎంత ఖాళీ జాగా ఉందో తెలుస్తుంది, పడమటి నుంచి చూస్తే వీపుకు తగిలే సముద్రం తెలుస్తుంది. మన పులిజూదంలో పులికీ మేకకూ ఆట వేరైనట్టే ఇక్కడా ఇద్దరి పనులూ వేరు. సలాహుద్దీన్‌గా ఉన్నప్పుడు ఎదురెదురుగా తలపడకండి, ఊరించి వరుస చెదరగొట్టండి.

దళాలకు గుర్తుగా ఇచ్చే అట్టబిళ్లలను చించి తీయకండి, బ్లేడుతో కోయండి. మూలల్లో మిగిలే పీచును నెయిల్ కట్టర్‌తో గుండ్రంగా తీసేస్తే దొంతర పెట్టినా ఒకదానికొకటి పట్టుకోవు. మడతలు పడిన పటం మీద పారదర్శకమైన అద్దపు పలక వేయండి.

ప్రశ్న: పదమూడేళ్ల మా అమ్మాయి ఈ ఆట నేర్చుకుంటానంటోంది. మతం పేరిట జరిగిన యుద్ధం పిల్లలకు ఆటగా ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: ఇవ్వండమ్మా. అయితే పటం మీద లేని సంగతి కూడా చెప్పండి. అర్సూఫ్‌కు కొద్ది రోజుల ముందు, ఆగస్టు 20న, ఏకర్ దగ్గర రిచర్డ్ సుమారు 2,700 మంది బందీలను చంపించాడు. ఏ బిళ్లా ఆ సంగతి చెప్పదు. మొదటి ఆట సలాహుద్దీన్ పక్షాన ఆడనివ్వండి, రెండోది రిచర్డ్ పక్షాన. ఇద్దరి భయాలూ పాప చేతుల మీదుగా పోవాలి.

ప్రశ్న: మన యుద్ధాల మీద ఇటువంటి ఆట తయారు చేయాలంటే దేనితో మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థి, మక్తల్

జవాబు: మీ పక్కనే ఉంది నాయనా, 1520 నాటి రాయచూరు యుద్ధం. బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా కృష్ణ దాటి వచ్చి, నదిని వెనక పెట్టుకుని శ్రీకృష్ణదేవరాయలతో తలపడ్డాడు. ఆదిల్ షా ఫిరంగుల దెబ్బకు విజయనగర సేన మొదట వెనక్కి తగ్గింది, రాయలు వాళ్లను మళ్లీ కూడగట్టి ముందుకు నడిపించాడు. ముందు నదినీ ఫిరంగులనూ గీసుకో. చెదిరిన సేన తిరిగి కుదురుకోవడానికి ఒక పాచిక నియమం రాయి. నది అంచుదాకా నెట్టుకుపోయిన బిళ్లకు వెనక్కి తగ్గే గడి ఉండకూడదు. ఆ రోజు చాలామంది ప్రాణాలు నదిలోనే పోయాయి.