సమాధానం: "పాన్‌యున్" అంటే మేయరా, జడ్జీనా?

కొరియా చారిత్రక సీరియల్లో పాన్‌యున్ అనే అధికారి ఒకసారి భూమి తగాదా తీరుస్తాడు, ఇంకోసారి జనాభా పుస్తకాలు తిరగేస్తాడు, దొంగల్ని పట్టేవాళ్లు మాత్రం అతని మనుషులు కారు, ఇదేం ఉద్యోగం అని అడిగారు కదండీ. సీరియల్ వాళ్లు తప్పేమీ చూపించలేదు. మన లెక్కలో ఆ ఉద్యోగాన్ని రెండుమూడుగా విడగొట్టాలి, అంతే.

అప్పట్లో కొరియాను ఏలిన జోసన్ వంశపు రాజులు 1394లో రాజధానిని ఇప్పటి సియోల్‌కు మార్చారు. మర్నాడే కాదు గానీ, 1395లో దానికి హాన్‌సంగ్ అని పేరు పెట్టారు. ఆ నగర కార్యాలయం హాన్‌సంగ్‌బు, దాని పెద్ద పాన్‌యున్. హోదాలో మంత్రులతో సమానం. కింద ఇద్దరు సహాయకులు: ఎడమ యున్, కుడి యున్. నగరాన్ని తూర్పు, పడమర, దక్షిణం, ఉత్తరం, మధ్య అని 5 భాగాలు చేసి, వాటిని మళ్లీ "బాంగ్" అనే పేటలుగా విడదీశారు. నగరపు కోటగోడ బయట 10 రీ, అంటే దాదాపు 4 కిలోమీటర్ల వరకూ ఇతనిదే అధికారం.

మూడేళ్లకోసారి ఇంటింటి జాబితా రాయించడం, ఇళ్ల స్థలాలు, రోడ్లు, వంతెనలు చూడటం, అప్పుల, భూముల వ్యాజ్యాలు తేల్చడం అన్నీ ఇక్కడే. అందుకే మీకు జడ్జీలా కనిపించాడు. దొంగల్ని పట్టేది పోదోచంగ్, అది వేరే శాఖ. అంగళ్ల ధరలూ తూకాలూ చూసేది ప్యంగ్‌సిసొ.

అన్నట్టు, రాత్రి గంట 28 సార్లు మోగితే కోట తలుపులు మూసేవారు, తెల్లవారుజామున 33 సార్లు మోగితే తెరిచేవారు. సీరియల్లో మీ హీరో కోటగోడ దూకింది ఆ మధ్యలోనే!